ఇంటిపేరులో దాగిన ఊరు

మన ఇంటిపేర్లలో చాలావరకు ఊరి పేర్లే. కందుకూరి వీరేశలింగంగారు 1848లో రాజమండ్రిలో పుట్టినారు. కానీ ఆయన పూర్వీకుల ఊరు కందుకూరు. వాళ్ళు ఊరు వదిలినా ఊరు వాళ్ళ పేరును వదలలేదు.

మన హోసూరు, కృష్ణగిరి పక్క తెలుగువాళ్ళ కథా ఇలాంటిదే. విజయనగర కాలంలో సేద్యం కోసం, సైన్యంలో కొలువు కోసం ఎన్నో కుటుంబాలు దక్షిణానికి వచ్చినాయి. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు మారింది. 1792లో బారామహల్, 1799లో హోసూరు కుంపిణీవాళ్ళ చేతికి పోయినాయి. రాజ్యాలు మారినా ఇంటిపేర్లు నిలిచినాయి.

ఇంగ్లండులో 1538 నుంచి చర్చిల్లో పెళ్ళిళ్ళు, చావులు రాసిపెట్టినారు. అక్కడివాళ్ళు ఆ పుస్తకాలు చూసి ఊరూరా తమ వంశాన్ని వెతుక్కుంటారు. మన పల్లెల్లో అట్లాంటి పుస్తకం లేదు. మనకుండేది ఇంటిపేరు, గోత్రం, కులదైవం గుడి. ఇంటిపేరు ఒక్కటే కలిస్తే చుట్టాలని చెప్పలేము. మూడూ కలిపి చూడాలి.

ఇప్పుడు బడి రిజిస్టరులో మన పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఉంటుంది. ఇంటిపేరు కాగితం మీద లేదు, అవ్వాతాతల నోట్లోనే ఉంది. వాళ్ళతోనే అది పోకూడదు.

అందుకే ఈ సెలవుల్లో ఇంటిపేరు, గోత్రం, కులదైవం ఉండే ఊరు, అవ్వ పుట్టినిల్లు అడిగి నోటుబుక్కులో తెలుగులో రాసిపెట్టుకుందాం.