చేయందించినవారూ కట్టి నిలబెట్టినవారూ: గడ్చిరోలి సరిహద్దున పౌర పురస్కారాల ప్రశ్న

ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, కాళేశ్వరానికి అవతలి గట్టున ఉంది సిరొంచ. ఇళ్లలో తెలుగు, కచేరీలో మరాఠీ. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువారి చేతికి వచ్చిన ఈ ఊరు కొంతకాలం అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. తరవాత చాందా జిల్లాలో కలిసింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి గడ్చిరోలి విడివడ్డాక కొత్త జిల్లాకు దక్షిణపు కొసన మిగిలింది. మన పత్రికల్లో ఈ ప్రాంతం పేరు కనబడాలంటే ఎదురుకాల్పులైనా జరగాలి, మేడిగడ్డ బ్యారేజీ ముంపైనా రావాలి. పద్మ పురస్కారాల జాబితా తిరగేస్తే మాత్రం మరో గడ్చిరోలి కనిపిస్తుంది. కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన బాబా ఆమ్టేకు 1971లో పద్మశ్రీ, 1986లో పద్మవిభూషణ్. ఆయన కొడుకు ప్రకాశ్ ఆమ్టేకు 2002లో పద్మశ్రీ. అభయ్ బంగ్, రాణీ బంగ్ వైద్య దంపతులకు 2018లో. ఝాడీపట్టీ రంగస్థల నటుడు పరశురామ్ ఖుణేకు 2023లో. వెనుకబాటుకు మారుపేరుగా చెప్పే నేలకు ఇన్ని గౌరవాలు దక్కడం చిన్న విషయం కాదు.

వీరిలో ఎవరి అర్హతనూ ఈ వ్యాసం శంకించదు. కుష్ఠుతో వేళ్లు పోగొట్టుకుని కూడా నిలదొక్కుకున్నవారి చుట్టూ అల్లుకున్న కథకు ఇన్ని పురస్కారాలు వచ్చినప్పుడు, ఆ నిలదొక్కుకున్నవారు జాబితాలో ఎందుకు లేరన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆధారంగా బాబా ఆమ్టే కుష్ఠు రోగుల కోసం నెలకొల్పిన ఆనందవన్ చరిత్రనే తీసుకుందాం. ఇప్పటి చంద్రపూర్ జిల్లా వరోరాలో వకీలుగా ఉన్న మురళీధర్ దేవీదాస్ (బాబా) ఆమ్టే పురపాలక సంఘం పనిలో భాగంగా తానే మలం తట్ట ఎత్తుతున్న రోజుల్లో, వానలో రోడ్డు పక్కన పడి ఉన్న తుల్సీరామ్ అనే కుష్ఠు రోగిని చూశాడు. భయపడి పారిపోయాడు. తరవాత సిగ్గుపడి వెనక్కి వచ్చి, ప్రాణం పోయేదాకా అతనికి సేవ చేశాడు. ఆమ్టే జీవితాన్ని రాసిన ప్రతివారూ ఇక్కడే మొదలుపెడతారు. అయితే తుల్సీరామ్ ఎక్కడివాడు, రోగం రాకముందు ఏ పని చేసేవాడు, ఇంటివాళ్లు ఎప్పుడు గెంటేశారు అన్నవి ఆ కథలో ఉండవు. మరొకరి మనసు మారడానికి నిమిత్తంగా వచ్చి వెళ్లిపోయే పాత్ర అతనిది.

1949లో మహారోగి సేవా సమితి ఏర్పడింది, 1951లో ఆనందవన్ మొదలైంది. ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవు, ఒక కుక్క, చేతిలో 14 రూపాయలు అని అందరూ ఒకే లెక్క చెబుతారు. రూపాయలు ఎన్నో అందరికీ తెలుసు. ఆ ఆరుగురి పేర్లు మాత్రం జనం నోట నిలవలేదు. రాళ్ల నేలలో మొదటి బావి తవ్వింది వాళ్లు. స్పర్శ పోయిన చేతితో గడ్డపార పట్టడం ఎంత కష్టమో కుష్ఠు వైద్యం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. ఈ రోగంలో వేళ్లను తినేసేది బాక్టీరియా కాదు. నరం మొద్దుబారాక కాలిన చోటు, తెగిన చోటు తెలియదు. తెలియక అదే చేత్తో మళ్లీ పని చేస్తారు. పుండు మానదు, ఎముక అరిగిపోతుంది. అంటే వారికి పనే ప్రమాదం, పనే బతుకుదెరువు. దానం మనిషిని కుంగదీస్తుంది, పని నిలబెడుతుంది అన్నది ఆమ్టే సూత్రం. ఆ సూత్రానికి మూల్యం చెల్లించినవి మాత్రం రోగుల చేతులు.

ఆనందవన్‌లో పండిన కూరగాయలు మొదట్లో వరోరాలో ఎవరూ కొనలేదు. క్రమంగా కొన్నారు. 1964లో ఆనందవన్ నివాసుల శ్రమతో కాలేజీ లేచింది, వరోరా పిల్లలు అందులో చదువుకున్నారు. నా దృష్టిలో ఆ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే. ఊరు వెలివేసినవారు ఊరి పిల్లలకు చదువుకునే చోటు కట్టి ఇచ్చారు. పునరావాసం అన్న మాట ఇక్కడ తలకిందులైంది. ఎవరు ఎవరిని ఆదుకున్నట్టు?

పురస్కారాలు ఈ ప్రశ్నను పట్టించుకోలేదు. చట్టం ఇంకా అన్యాయం చేసింది. 1898 నాటి లెపర్స్ యాక్ట్ కేంద్ర చట్టాల పుస్తకంలో 2016 దాకా ఉంది. ఆమ్టేకు రెండు పద్మాలు ఇచ్చిన ప్రభుత్వానికి ఆ చట్టం తీసేయడానికి అన్నేళ్లు పట్టింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలు 2019 సవరణతోగాని పోలేదు. ఒడిశాలో పురపాలక సంఘానికి ఎన్నికైన వ్యక్తిని కుష్ఠు కారణంగా అనర్హుణ్ణి చేస్తే, ఆ నిబంధనను 2008 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. బాబా ఆమ్టే చనిపోయి అప్పటికి ఏడు నెలలు. రోగులకు సేవ చేసినవారికి రాష్ట్రపతి భవన్‌లో సన్మానం జరిగే దేశంలో, ఆ రోగం తగిలినవారికి వార్డు కౌన్సిలర్ కుర్చీ కూడా దక్కని చోట్లున్నాయి.

ఆమ్టేను ఆరోగ్యవంతుడైన దాతగా మాత్రమే చూపడం కూడా సరికాదు. వెన్నెముక జబ్బుతో ఆయన దశాబ్దాలపాటు కూర్చోలేకపోయారు. నిలబడాలి, లేదా పడుకోవాలి. ఆ స్థితిలోనే 1985 డిసెంబరులో కన్యాకుమారి నుంచి భారత్ జోడో యాత్ర నడిపించారు. నర్మదా ఒడ్డున ఏళ్లతరబడి ఉన్నారు. నర్మదా లోయ ఆదివాసుల విషయంలో ప్రభుత్వ తీరుకు నిరసనగా 1991లో పద్మ పురస్కారాలు తిరిగి ఇచ్చేశారు. పతకం వేరు, పని వేరు అని ఆయనే తేల్చేశారు. అయినా ఆయన పేరు ముందు ఇప్పటికీ పద్మవిభూషణ్ అని తగిలించేవారున్నారు. ఈ పురస్కారాలు బిరుదులు కావనీ, పేరుకు ముందూ వెనకా వాడకూడదనీ 1995లో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తెలుగు సభల్లో ఆహ్వానపత్రికలు అచ్చువేసేవారికి ఆ తీర్పు ఇంకా అందినట్టు లేదు.

సిరొంచ నుంచి ఉత్తరంగా ఆలపల్లి దాకా వెళ్లి తూర్పుకు తిరిగితే భామ్రాగఢ్ తాలూకాలోని హేమల్‌కసా వస్తుంది. 1973 డిసెంబరు 23న అక్కడ లోక్ బిరాదరీ ప్రకల్ప్ మొదలైంది. మాడియా గోండుల మధ్య చాలా ఏళ్లు కరెంటు లేకుండా నడిచిన ఆ ప్రకల్ప్ ఆసుపత్రికి ఇటు తెలంగాణ నుంచీ, అటు ఇంద్రావతి దాటి ఛత్తీస్‌గఢ్ నుంచీ రోగులు వస్తారు. తొలిరోజుల్లో అడవి కొట్టి, గుడిసెలు వేసిన చేతుల్లో ఆనందవన్‌లో కుష్ఠు నయమైనవారివీ ఉన్నాయి. ఒకప్పుడు తమకే చోటు లేనివారు మరొకరి ఆసుపత్రికి చోటు చదును చేశారు. 2014లో, ఆ ఆసుపత్రిని నడిపిన ప్రకాశ్ ఆమ్టే జీవితంపై నానా పాటేకర్‌తో తీసిన సినిమాకు ‘ది రియల్ హీరో’ అని ఉపశీర్షిక పెట్టారు. అందులో తప్పు పట్టాల్సింది లేదు, ఏకవచనం తప్ప. మొదటినుంచీ ప్రకాశ్ పక్కనే వైద్యం చేసిన ఆయన భార్య డాక్టర్ మందాకినీ ఆమ్టే పేరు కూడా 2002 పద్మశ్రీలో లేదు. 2008లో మనీలా నుంచి వచ్చిన మెగసెసే పురస్కారం మాత్రం ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

ఇది గడ్చిరోలికో మహారాష్ట్రకో పరిమితమైన తీరు కాదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి స్థాపించిన ఇసబెల్ కెర్‌కు 1923లో బ్రిటిష్ ప్రభుత్వపు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. ప్రభుత్వం మారినా చూపు మారలేదు. ఇక తెలుగు ప్రేక్షకుల మనసులో పెద్దరోగం బొమ్మ గీసింది ఆసుపత్రులు కావు, నాగభూషణం వేలసార్లు ఆడిన ‘రక్తకన్నీరు’ నాటకం. అక్కడ కుష్ఠు అంటే చేసిన పాపానికి శిక్ష. రోగిని పాపిగా చూసే కళ్లకు, రోగిని తాకినవాడు మహాత్ముడిగా కనబడటంలో ఆశ్చర్యమేముంది? ఈ రెండు చూపులూ ఒక చోట పుట్టినవే అని నా అభిప్రాయం. రెండింటిలోనూ రోగి మామూలు మనిషి కాడు.

వైకల్యం ఉన్నవారికి గౌరవాలు అసలే దక్కడం లేదనడం అబద్ధమవుతుంది. చక్రాల కుర్చీలోంచి అక్షరాస్యత ఉద్యమం నడిపిన కేరళ వనిత కె.వి. రాబియాకు 2022లో పద్మశ్రీ వచ్చింది. వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 మేలో కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు సృష్టించింది, పారిస్‌లో కాంస్యం గెలిచింది, అర్జున పురస్కారం అందుకుంది. ఆటల్లో గడియారం ఉంది, అది ఎవరి మొహమూ చూడదు. ఆనందవన్ తరహా నిలదొక్కుకోవడానికి గడియారం లేదు. అది ఏళ్లతరబడి సాగుతుంది, పదిమంది కలిసి చేస్తారు, ఒకరి పేరు మీద పడదు.

చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. 1954 జనవరిలో ఏర్పాటైన పద్మ పురస్కారాలు వ్యక్తులకే. ఎవరైనా ఎవరి పేరైనా పంపవచ్చు, తమ పేరు తామే పంపుకోవచ్చు. కానీ పత్రంలో పేరు ఒక మనిషిదై ఉండాలి, చేసిన సేవను 800 మాటల్లో చెప్పాలి. చనిపోయినవారికి సాధారణంగా ఇవ్వరు. సిరొంచ నుంచి ఎవరైనా ఆ తొలి ఆరుగురి పేరిటో, హేమల్‌కసాలో అడవి కొట్టినవారి పేరిటో దరఖాస్తు పెట్టాలనుకుంటే ఆ పత్రంలో వారికి చోటు లేదు. వారికి చోటు కల్పించడానికి రాజ్యాంగం అడ్డు కాదు. వైకల్య రంగంలో కృషికి కేంద్రం ఏటా డిసెంబరు 3న ఇచ్చే జాతీయ పురస్కారాల్లో సంస్థలకూ విభాగాలున్నాయి. విపత్తు సహాయానికి ఇచ్చే సుభాష్ చంద్రబోస్ పురస్కారం సంస్థలకూ ఇస్తారు. పద్మ నిబంధనల్లో సమష్టి శ్రమకు ఒక విభాగం చేర్చడం ప్రభుత్వ ఉత్తర్వుతో అయ్యే పని. కుష్ఠు నయమైనవారి మీద రాష్ట్రాల చట్టాల్లో మిగిలిన అనర్హతలు తొలగించడం మాత్రం శాసనసభల పని. రెండింటిలో ముందు ఏది కావాలని నన్నడిగితే రెండోదే అంటాను.