సేవ్ ఫైలుకు కాపలా

1980ల తొలినాళ్లలో ఇంటి వీడియో గేమ్ యంత్రం స్విచ్ ఆపితే ఆట సాధారణంగా మొదటికొచ్చేది. ఒక్క పూటలో ముగియని ఆటలు వచ్చాక పాస్‌వర్డ్‌లు పుట్టాయి. 1987లో జపాన్‌లో విడుదలైన డ్రాగన్ క్వెస్ట్ 2లో పాస్‌వర్డ్ 52 అక్షరాల దాకా సాగేది. కాగితం మీద ఒక్క అక్షరం తప్పినా అన్నాళ్ల ఆటా పోయినట్టే. అయితే యంత్రంలో ఏదీ దాచరు కాబట్టి, అందులో చెడిపోవడానికీ ఏమీ ఉండేది కాదు.

ఆ బెడద బ్యాటరీతో మొదలైంది. 1986లో జపాన్‌లో డిస్క్ మీద వచ్చిన ద లెజెండ్ ఆఫ్ జెల్డా, మరుసటి ఏడాది అమెరికాలో కాట్రిడ్జ్‌గా వెలువడింది. లోపలి మెమరీ చిప్‌కు బిళ్ల బ్యాటరీ ప్రాణం పోసేది. చిక్కల్లా యంత్రం ఆపే క్షణంలోనే. వోల్టేజీ పడిపోతుండగా ప్రాసెసర్ దారితప్పి, ఆ చిప్‌లో ఏదో ఒకటి రాసేయవచ్చు. అందుకే రీసెట్ మీట నొక్కిపట్టి పవర్ ఆపమని ఆటే తెర మీద చెప్పేది. మీట నొక్కి ఉన్నంతసేపూ ప్రాసెసర్ కదలదు. యంత్రం లోపాన్ని ఆడేవాడి వేలితో సరిదిద్దడమన్నమాట! 1988 నాటి డ్రాగన్ క్వెస్ట్ 3లో సేవ్ చెరిగిపోతే శాపం తగిలినప్పటి సంగీతమే మోగేది. జపాన్‌లో ఒక తరానికి అది పీడకల.

అసలైన కాపలా ప్రోగ్రాంలోనే పెట్టిన ఆట 1991 నాటి ఎ లింక్ టు ద పాస్ట్. మూడు సేవ్‌లు, ఒక్కొక్కటి 1,280 బైట్లు. ప్రతిదానికీ అదే చిప్‌లో మరో నకలు. డేటా అంకెలన్నీ కూడితే ముందే నిర్ణయించిన మొత్తం రావాలి. రాకపోతే ఆట నకలును పరీక్షించి, అది సరిగా ఉంటే దాన్నే అసలు స్థానంలోకి ఎక్కిస్తుంది. 8 కిలోబైట్ల చిప్‌లో దాదాపు సగం జాగ్రత్తకే ఖర్చు చేయడం చిన్న నిర్ణయమేమీ కాదు.

1994లో ప్లేస్టేషన్‌తో వచ్చిన 128 కిలోబైట్ల మెమరీ కార్డుకు బ్యాటరీ అక్కర్లేదు. కానీ రాస్తుండగా కార్డు లాగేస్తే ఫైలు సగంలో ఆగేది. కంప్యూటర్లలో దీనికి విరుగుడు, కొత్త సేవ్‌ను తాత్కాలిక ఫైలులో పూర్తిగా రాసి, ఆ తర్వాతే పాతదాని పేరు దానికివ్వడం. మధ్యలో కరెంటు పోయినా పాత సేవ్ మిగులుతుంది. 2008లో మొదలైన స్టీమ్ క్లౌడ్ వంటి సేవలు డిస్క్ పోయినా సేవ్‌ను కాపాడతాయి. చెడిన ఫైలునూ అంతే శ్రద్ధగా మిగతా కంప్యూటర్లకు చేరవేస్తాయి. అందుకే పాత ప్రతులను వేరుగా దాచుకునే అలవాటు ఆటగాళ్లలో ఇప్పటికీ పోలేదు.