కప్పు లేని హాలు

రావివలస ఎండల మల్లికార్జునుడికి గుడికప్పు లేదు. వేయబోతే స్వామి ఒప్పుకోలేదని పెద్దలు చెబుతారు. ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉంటాడు. మా సినిమా హాలుకి మాత్రం కప్పుండేది. రేకుల కప్పు. పోయేటప్పుడు అది ఎవరినీ అడగలేదు.

‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలైతే మా హాలుకి కార్తీకమాసంలో గానీ రాలేదు. పెద్ద ఊళ్లన్నీ తిరిగి, గీతలు పడి, తెరమీద వాన కురిపిస్తూ వచ్చింది పెట్టె. సోమవారం స్వామి దర్శనానికి వచ్చినవాళ్లు తడిబట్టలతోనే మ్యాట్నీకి వచ్చి నేల టికెట్టులో కూర్చున్నారు. ప్రొఫెసర్ రాందాసు యంత్రం లైట్లు మిణుకుమిణుకుమనగానే మా వెనక ఒక ముసలమ్మ దండం పెట్టింది. ఆ యంత్రం 1526లో దిగింది. బాలకృష్ణే కృష్ణకుమార్, బాలకృష్ణే కృష్ణదేవరాయలు. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడు.

ఇక్కడొక మాట. ఆ రాయలు మాకేమీ చుట్టం కాదు. మా ప్రాంతాన్ని ఏలిన గజపతుల మీదికి దండెత్తి వచ్చి, 1516లో సింహాచలంలో శాసనం వేయించి వెళ్లినవాడు. అంటే మా తాతముత్తాతలు అవతలి పక్షం వాళ్లన్నమాట. నేల టికెట్టులో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. రాయలు తెరమీదికి రాగానే ఈలలే ఈలలు.

సింగీతం శ్రీనివాసరావు ‘మాయాబజార్’ నాటి కె.వి.రెడ్డి దగ్గర పనిచేసిన మనిషి. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రం ఊహని తీసుకుని, అందులో మన కుర్రాణ్ణి, మన పిల్లని ఎక్కించాడు. నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌కి ఈ కథని చేరవేసింది గాయకుడు బాలసుబ్రహ్మణ్యం. పి.సి.శ్రీరాం, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ అని ముగ్గురు ఛాయాగ్రాహకులు. అందుకేనేమో మూడు కాలాలకీ మూడు రకాల వెలుగు. కంప్యూటర్ బొమ్మలు మన సినిమాకి ఇంకా అలవాటు కాని రోజులవి. అట్టా, చెక్కా, రంగూ, దీపమూ పెట్టి రాబోయే 2504వ సంవత్సరాన్ని కట్టారు. అట్ట అని పిల్లలకి కూడా తెలుస్తూనే ఉంటుంది. అయినా నమ్ముతారు. బొమ్మలకొలువులో చెరువుకి అద్దం ముక్క పెడితే అందులో నీళ్లు లేవని ఎవరు దెబ్బలాడతారు? ఆ సినిమా ముసలిది కాకపోవడానికి నాకు తోచిన కారణం అదొక్కటే.

ఆ 2504లో భూమ్మీద బతకలేక జనం నేల కింద తలదాచుకుంటారు. సరిగ్గా అక్కడే మా హాల్లో రీలు తెగింది. చీకట్లోంచి ఎవరో అరిచారు: “ఏటి బాబూ, మనల్ని ఇక్కడే వదిలీసి యెల్లిపోనావేటి?” పైనుంచి ఆపరేటరు బాబాయి, “ఉండండిరా, అతికిస్తన్నాను!” అన్నాడు. అతికించాడు. మళ్లీ బయల్దేరాం.

హాలు ఒక్కరోజులో పడిపోలేదు. మొదట ఊళ్లోకి కేబుల్ వచ్చింది. సెకండ్ షో పోయింది. తరవాత సీడీలు వచ్చి ఫస్ట్ షోకి ఎసరు పెట్టాయి. ఆ తరవాత పెట్టెలే రావడం మానేశాయి. సినిమా అంతా డిజిటల్ అయింది. కొత్త ప్రొజెక్టరుకి పెట్టుబడి పెట్టే ఓపిక యజమానికి లేకపోయింది. పాత ప్రొజెక్టరు పాత ఇనుము లెక్కన తూకానికి వెళ్లింది. తలుపులకి తాళం వేశారు. కొన్నాళ్లకి ఆ తాళం కూడా ఎవరో పట్టుకుపోయారు.

ఆపరేటరు బాబాయిది ఉద్దానం. కొబ్బరితోటల మధ్య పుట్టినవాడు. ఆ నేలలో ఏముందో, నీళ్లలో ఏముందో, అక్కడి కిడ్నీల జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. క్రియాటినిన్ అనే మాట అక్కడ చదువురాని వాళ్లకీ వచ్చు. నేను చూడబోయినప్పుడు డయాలసిస్ మంచం మీద ఉన్నాడు. గొట్టంలో రక్తం ఒకవైపు వెళ్లి ఇంకోవైపు రావడం చూపించి, “ఇదీ రీలే బాబూ. నడిచినంతసేపూ బొమ్మాడతాది” అన్నాడు. అన్నవాడే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆరు నెలలు తిరక్కుండానే బొమ్మ ఆగింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస, ఏ చెట్టూ మిగిలిందని చెప్పడానికి లేకుండా పోయింది. తరాల తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. ఆ గాలికే హాలు రేకులు లేచి పొలాల్లో పడ్డాయి. చెట్లు పోయినవాళ్ల ముందు హాలు పోయిందని ఏడవడం సిగ్గనిపించి ఎవరితోనూ అనలేదు.

2025 ఏప్రిల్ 4న ‘ఆదిత్య 369’ని 4కేలో శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. విశాఖలో చూశాను. గీతలన్నీ పోయాయి. రాయల సభలో రంగులు నిన్న పూసినట్టున్నాయి. పక్క సీట్లో కాలేజీ కుర్రాళ్లు నేను నవ్వినచోటే నవ్వారు. 2504 దగ్గర నా ప్రాణం ఒక్క క్షణం బిగుసుకుంది. రీలు తెగలేదు.

తిరిగి వచ్చాక హాలు వైపు వెళ్లాను. తెర అంటే మా దగ్గర గుడ్డ కాదు, సున్నం కొట్టిన గోడ. అది అలాగే నిలబడి ఉంది, మల్లికార్జునుడిలా ఎండలో. దానిమీద పిల్లలు బొగ్గుతో మూడు వికెట్లు గీసుకున్నారు. నేల టికెట్టు జాగాలో ఇద్దరు ఆడవాళ్లు జీడిపిక్కలు ఆరబోస్తున్నారు. నేను గోడకేసి చూస్తూ నిలబడేసరికి వాళ్లలో పెద్దావిడ అడిగింది: “ఏటి బాబూ, స్థలం కొంటావేటి?”

లేదన్నాను. “అయితే పక్కకి జరుగు నాయినా. నీడ పడతంది.”