మీటర్లు ఊడదీసిన ముచ్చట

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు కోరారు. రాజుల గురించి, కోటల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసినవాణ్ణి. అందులో పదకొండేళ్ళు ఆఫీసు వాహనాల లాగ్‌బుక్కులు నా బల్ల మీదే ఉండేవి. అందుచేత నాకు కాస్త పరిచయమున్న మోటారు మీటర్ల చరిత్రే రాస్తున్నాను.

2018 వేసవిలో మా దంపతులం ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలున్నాం. పక్కింటాయన నాకంటే రెండేళ్ళు పెద్ద, ఆయనా పింఛనుదారే. ఆయన గ్యారేజీలో 1966 నాటి ఎం.జి.బి. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. కాలం చేసిన ఆయన భార్య నడిపిన కారట. స్పీడోమీటరు ముల్లు ఊగుతోంది, అద్దాల లోపల చెమ్మ చేరింది. మీటర్లన్నీ ఊడదీసి మరమ్మతుకు పంపాలని ఆయన ఉద్దేశం. "నా చేతులు వణుకుతున్నాయి, టార్చిలైటు పట్టుకోవడానికి ఒకరు కావాలి" అన్నారు. నేను వెళ్ళాను.

అసలు కారుకు మీటరు అవసరం పెరగడానికి ఒక కారణం చట్టం. 1904 జనవరి 1న బ్రిటన్‌లో అమలులోకి వచ్చిన మోటారు కార్ల చట్టం వేగాన్ని గంటకు 20 మైళ్ళకు పరిమితం చేసింది. పోలీసు ఆపితే "అంత వేగంగా రాలేదండీ" అనడానికి ఏదో ఒక ఆధారం ఉండాలి గదా! అంతకు ముందే, 1902లో, ఓటో షుల్ట్సే అనే జర్మన్ ఇంజనీరు ఒక స్పీడోమీటరుకు పేటెంటు తీసుకున్నాడు. చక్రాలతో పాటు తిరిగే కేబులు చివర ఒక అయస్కాంతం, దానికి తగలకుండా పైన ఒక లోహపు గిన్నె. అయస్కాంతం తిరుగుతూ గిన్నెను తన వెంట ఈడ్చుకుపోవాలని చూస్తుంది, వెంట్రుకంత స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాటలో గిన్నె ఎంత దూరం తిరిగితే ముల్లు అంత వేగం చూపుతుంది. తర్వాత సుమారు ఎనభై తొంభై ఏళ్ళు ప్రపంచంలో చాలా కార్లు ఈ సూత్రం మీదే నడిచాయి. బ్రిటన్‌లో 1937 అక్టోబరు 1 తర్వాత రోడ్డెక్కిన కొత్త కార్లకు స్పీడోమీటరు తప్పనిసరి చేశారు.

ఆయిలు ప్రెషరు మీటరు ఇంకా పాతది. 1849లో బూర్డాన్ అనే ఫ్రెంచి ఆయన ఆవిరి యంత్రాల కాలంలో కనిపెట్టాడు. జాతరలో పిల్లలు ఊదే చుట్టకాగితం బూర చూశారు కదా, ఊదితే తిన్నగా సాగుతుంది. వంపు తిరిగిన చిన్న లోహపు గొట్టం కూడా లోపల ఒత్తిడి పెరిగితే రవ్వంత సాగుతుంది. ఆ కదలికను ముల్లుకు కలిపాడు, అంతే.

ఇంగ్లీషు కార్లలో ఈ మీటర్ల మీద స్మిత్స్ అన్న పేరే ఎక్కువగా కనబడుతుంది. 1851లో లండన్‌లో గడియారాల దుకాణంగా మొదలైన సంస్థ అది. ఇక ఎం.జి. అంటే మోరిస్ గ్యారేజెస్, ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. 1929లో కొద్ది మైళ్ళ దూరంలోని ఏబింగ్‌డన్‌కు మారింది. ఎం.జి.బి.ని 1962 నుంచి 1980 దాకా అక్కడే తయారుచేశారు. ఆ రకం కార్లు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. బానెట్ ఎత్తి చూసేసరికి నాకు చుట్టాన్ని చూసినట్టయింది. మన అంబాసిడర్‌కు చాలా ఏళ్ళు ఉన్న 1489 సి.సి. ఇంజనూ, ఈ కారులోని 1798 సి.సి. ఇంజనూ ఒకే 'బి సిరీస్' కుటుంబానివి.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ విప్పాలి. ఈ కారులో ఒకటి కాదు, సీట్ల వెనక నేల కింద ఆరు వోల్టులవి రెండు. మీటర్లను ముందు నుంచి దూర్చి, వెనక బ్రాకెట్ పెట్టి, వేళ్ళతో తిప్పే గాట్ల నట్లతో బిగించారు. స్పానరు అక్కర్లేదు గానీ చెయ్యి పట్టే చోటే లేదు! సీటు మీద కాళ్ళు, పెడళ్ళ దగ్గర తల పెట్టి వెల్లకిలా పడుకోవాలి. ఆయన భారీ మనిషి, నేను బక్కవాణ్ణి. టార్చి ఆయన చేతికిచ్చి నేనే లోపలికి దూరాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి ఏమనుకుందో ఇక్కడ రాయను.

దూరేముందు మాత్రం ఒక మాట అడిగాను. "అయ్యా, మీటరు మీద అంకె రాసుకున్నారా?"

ఎందుకడిగానంటే, ఒకప్పుడు మా ఆఫీసు జీపుకు పాత మీటరు తీసేసి కొత్తది వేశారు. పాతది ఏ అంకె దగ్గర ఆగిందో లాగ్‌బుక్కులో ఎవరూ రాయలేదు. పాత మీటరు పాత ఇనుములోకి పోయింది. ఆడిటు వారు పెట్రోలు లెక్కకు ఆధారం చూపమన్నారు. మూడేళ్ళపాటు సమాధానాలు రాసినవాణ్ణి నేను. అప్పటి నుంచి మీటరంటే నాకు వాహనం సర్వీసు రిజిస్టరే.

ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. ఆ 61,482 మైళ్ళలో చాలా భాగం తన భార్య నడిపినవేననీ, మరమ్మతువారు అంకెలు సున్నాకు తిప్పుతారేమోనని తనకు తోచనే లేదనీ అన్నారు. అట్టముక్క మీద "అంకెలు మార్చరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి, తరువాత తీసిన స్పీడోమీటరుకు దారంతో కట్టాం.

మిగతాది గుమాస్తా పనే. తీగలకు రంగుల పద్ధతి ఉంది. గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్త్. అయితే యాభై ఏళ్ళ మురికిలో గోధుమ, నలుపు ఒకలాగే ఉంటాయి. అందుకని ఊడదీసిన ప్రతి తీగకూ చీటీ అంటించి, కాగితం మీద బొమ్మ గీశాను. ఇంజను చుట్లు చూపే మీటరు వెనక తెల్లని తీగ ఒక మెలిక తిరిగి వెళుతుంది. ఆ మెలిక తిరగబడితే మీటరు పలకదు. పైగా 1967కు ముందు ఈ కార్లకు పాజిటివ్ ఎర్త్. ఆ సంగతీ చీటీ మీద రాశాం. స్పీడోమీటరుకు కేబులుతో పాటు ట్రిప్పు అంకెలు తిప్పే సన్న తీగ ఒకటి ఉంటుంది. అది మరచి లాగితే తెగుతుంది.

చివరికి మిగిలింది ఆయిలు ప్రెషరు, నీటి వేడి రెండూ చూపే జంట మీటరు. ఆయిలు గొట్టం సులువుగానే వచ్చింది. దాని మూతిలో చిన్న తోలు వాషరు ఉంటుంది. అది జారి పోతే తర్వాత ఆయిలు మన కాళ్ళ మీదే కారుతుంది. వేడి చూపే భాగం కష్టం. ఇంజను తలలో దిగిన చిన్న బుడ్డి నుంచి మీటరు దాకా ఈథరు నింపిన సన్నని గొట్టం అతుకులేకుండా వస్తుంది. రేడియేటరు నీళ్ళు తీసి, నట్టు విప్పి, బుడ్డితో సహా బయటికి లాగాలి. నట్టు కదిలింది గానీ బుడ్డి తుప్పుతో పట్టేసింది. నట్టుతో పాటు గొట్టం కూడా మెలి తిరగడం నా కంటబడింది. గొట్టం తెగితే ఈథరు గాలిలో కలుస్తుంది, మీటరు చచ్చినట్టే. ఆపమన్నాను. ఆయన కాసేపు ఆలోచించి "సరే, దీని అద్దం మసకగానే ఉండనీ" అన్నారు. నట్టు మళ్ళీ బిగించి, ఆయిలు గొట్టం తగిలించాం.

మేం తిరిగి వచ్చిన నెలన్నరకు అమ్మాయి ఫోను చేసింది. స్పీడోమీటరు వచ్చిందట, అంకె 61,482 దగ్గరే ఉందట. నేను గీసిన బొమ్మలో ఒక ఎరుపు-తెలుపు తీగ ఎక్కడికి వెళ్ళాలో అర్థం కావడం లేదని, కనుక్కోమని ఆయన అడిగారట. అది మీటరు లోపలి దీపం తీగ అని చెప్పమన్నాను.