మన్సన్ ద్రాక్ష పండు

ద్రాక్ష చరిత్ర రాసేవాళ్లు థామస్ వోల్నీ మన్సన్ గురించి చెప్పేది ఒక్కటే: టెక్సస్ వేళ్లు చూపించి ఫ్రాన్స్ తోటల్ని నిలబెట్టాడని. నిజమే. కానీ ఆయన ఆయుష్షంతా ధారపోసింది పండు కోసం. మేడ్చల్ వైపు ద్రాక్ష పందిళ్ల కింద పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఆ పండు మీదే మనసు.

1843లో ఇల్లినాయ్‌లో పుట్టాడు, కెంటకీలో చదివాడు. నెబ్రాస్కాలో తోట మొదలుపెడితే మిడతల దండు, కరువు కలిసి ఊడ్చేశాయి. 1876లో టెక్సస్ ఉత్తరపు అంచున, రెడ్ నది దగ్గరి డెనిసన్ చేరాడు. అక్కడి గట్ల మీద, చెట్ల మీద అడవి ద్రాక్ష అల్లుకుని ఉంది. యూరప్ నుంచి తెచ్చిన వినిఫెరా తీగలు అమెరికాలో బూజు తెగులుకు, నల్లకుళ్లుకు, వేళ్లను తినే ఫిలోక్సెరా పురుగుకు చచ్చిపోతుంటే, అడవి తీగలు మాత్రం పచ్చగా ఉండేవి. తరతరాలుగా ఆ తెగుళ్ల మధ్యే బతికినవి కదా! ఆ ఓర్పునీ మంచి పండునీ ఒకే తీగలోకి తేవాలన్నది మన్సన్ పట్టుదల. రైల్లో, గుర్రం మీద వేల మైళ్లు తిరిగి తీగలు సేకరించాడు. పోస్ట్ ఓక్ అనే అడవి ద్రాక్షంటే ఆయనకు మహా ఇష్టం.

ద్రాక్షలో సంకరం చేయడమంటే ఎంత ఓపిక కావాలో తోటలో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. పూమొగ్గ ఆవగింజంత ఉంటుంది. అది విచ్చుకోకముందే పైటోపీని చిమటాతో లాగి, పుప్పొడి తిత్తులు తీసేసి, గుత్తికి సంచి కట్టాలి. తర్వాత రెండో జాతి పుప్పొడి అద్దాలి. గింజ మొలిచి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. వచ్చిన మొక్కల్లో ఎక్కువ భాగం పీకి పారేయవలసినవే. అలా వడపోసి దాదాపు 300 రకాలు తీశాడు. కార్మన్, బ్రిలియంట్, లొమాంటో వాటిలో కొన్ని. ఎలెన్ స్కాట్ అని భార్య పేరు పెట్టుకున్నదీ ఉంది.

ఈలోగా ఫ్రాన్స్‌లో కొత్త చిక్కు. అక్కడికీ పాకిన ఫిలోక్సెరాకు విరుగుడుగా తెప్పించిన అమెరికా వేరుమూలాలు కొన్యాక్ ప్రాంతపు సున్నపు నేలల్లో ఆకులు పసుపెక్కి కుంగిపోయాయి. 1887లో ద్రాక్ష శాస్త్రవేత్త పియర్ వియాలాను ఫ్రెంచ్ ప్రభుత్వం అమెరికాకు పంపింది. మధ్య టెక్సస్ సున్నపురాతి గుట్టల మీది బెర్లాండియెరీ అనే అడవి ద్రాక్ష ఆ నేలకు సరిపోతుందని తేలడంలో మన్సన్ సాయం పెద్దది. మరుసటి ఏడే ఆయన్ను ‘మెరిత్ అగ్రికోల్’ బిరుదుతో గౌరవించారు.

ఆ గౌరవం వేరుకు దక్కింది. పండుకు? ఆయన మిత్రుడు, మిస్సోరీ రైతు హెర్మన్ యేగర్ పోస్ట్ ఓక్ సంతతిలో తీసిన ‘యేగర్ 70’ ఫ్రాన్స్‌లో సీబెల్ అనే ఆయన తీసిన సంకరాలకు మూలమైంది. అలా ఆ అడవి రక్తం వైన్ ద్రాక్షలోకి చేరింది. మన్సన్ సొంత రకాలు అంత దూరం పోలేదు. 1909లో తన అనుభవమంతా పెద్ద పుస్తకంగా అచ్చువేసి 1913లో కన్నుమూశాడు. 1920లో అమెరికా అంతటా మద్యనిషేధం వచ్చింది. వైన్ వ్యాపారమే చతికిలపడినప్పుడు ఆ తీగలు ఎవరికి కావాలి? చాలా రకాలు కనుమరుగయ్యాయి. దొరికినవాటిని వెతికి తెచ్చి డెనిసన్‌లోని గ్రేసన్ కాలేజీ స్మారక తోటలో పెంచుతున్నారు. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

మనకూ ఆయన నుంచి వచ్చింది వేరు మాత్రమే. థామ్సన్ ద్రాక్ష తోటల్లో అంటుకు వాడే డాగ్‌రిడ్జ్, టెక్సస్ బెల్ కౌంటీ అడవి తీగల్లోంచి మన్సన్ ఏరినది. ఎద్దడినీ ఉప్పునీటినీ తట్టుకుంటుందని మన రైతులు దాన్ని నమ్ముకున్నారు. కానీ పైన అంటుకట్టిన థామ్సన్ వినిఫెరా జాతిది. కింది వేరు ఎంత గట్టిదైనా ఆకును తెగులు నుంచి కాపాడలేదు. అక్టోబరు కత్తిరింపుల తర్వాత లేత చిగురు మీద వాన పడితే చాలు, బూజు తెగులు దిగుతుంది, మందు డబ్బా భుజానికెత్తాల్సిందే. మన్సన్ కోరుకున్నది ఆ డబ్బా అక్కర్లేని తీగ.