కాగితం ఎక్కని తెలుగు

"మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ" అని మమ్మల్ని మెచ్చుకునేవాళ్లున్నారు. "ఉర్దూ రాదా, మరి నువ్వేం సాయిబువి" అని నిలదీసేవాళ్లూ ఉన్నారు. రెండు మాటల మూలం ఒకటే. అనంతపురం పల్లెల్లో దూదేకులవాళ్లు, సాయిబులు తరతరాలుగా తెలుగులో పాడుకున్న పాటలు చాలాకాలం సాహిత్యం లెక్కలోకి రాలేదు, చరిత్ర లెక్కలోకీ రాలేదు.

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ధారపోశాడు. ఆ తర్వాత మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించారు. (కైఫీయత్తు అన్న మాట మాత్రం అరబ్బీదే!) వాటిలో గుడి మాన్యాలున్నాయి, కోటలున్నాయి, పాళెగాళ్ల వంశాలున్నాయి. దూదేకే విల్లు పట్టినవాడి గొంతు వెతుక్కోవాలి. 1871 సెన్సస్ నుంచి మనుషుల్ని మతం గళ్లలో కూర్చోబెట్టారు. మరి కుళ్లాయప్ప ఏ గడిలో కూర్చోవాలి?

నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీరు ఉంది. కుళ్లాయి అంటే టోపీ. పక్కనే ఆంజనేయుడి గుడి. మొహర్రానికి వచ్చే జనంలో హిందువులే ఎక్కువ. మొక్కు తీరితే బిడ్డకు ఆ పేరే పెడతారు. అందుకే ఈ జిల్లాలో కుళ్లాయప్ప సాయిబూ ఉంటాడు, కుళ్లాయిరెడ్డీ ఉంటాడు.

క్రీ.శ. 680లో ఇరాక్‌లోని కర్బలాలో ఇమాం హుసేన్‌ను చంపారు. చంపేముందు పక్కనే పారే యూఫ్రటీసు నీళ్లు అందకుండా చేశారు. పసిబిడ్డలు దాహంతో అల్లాడారు. నీళ్ల తిత్తితో వస్తున్న అబ్బాస్ చేతులు నరికారు. ఈ కథ మా ఊళ్లలో ఇంత లోతుగా ఎందుకు దిగిందో తెలియాలంటే ఇక్కడి వాన లెక్క చాలు: ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ సక్రమంగా పడితే. మా పాటగాళ్లు అరబ్బు దేశం చూడలేదు. ఎండిన పెన్న ఇసుకలో చెలిమ తవ్వి, నీళ్లు ఊరేదాకా కడవ పట్టుకుని కూర్చోవడం ఎరుగుదురు. హసన్, హుసేన్‌లు వాళ్ల నోట అస్సన్న, ఊసన్న అయ్యారు. ఫాతిమా శోకం సీమ తల్లి శోకమైంది. రాత్రిపూట గుండం చుట్టూ అడుగు వేస్తూ ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకునేవారు. అందుకునేవాళ్లలో బోయ ఎవరో, మాదిగ ఎవరో, సాయిబు ఎవరో చీకట్లో తేడా తెలిసేది కాదు. చంద్రమానం పండగ కాబట్టి మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక తరంలో విత్తనం కాలానికి వస్తే, మరో తరంలో కళ్లాల కాలానికి వస్తుంది. పాట అన్ని కాలాలనూ చూసింది.

ఇది ఇక్కడి వింత ఏమీ కాదు. ఫిలిప్పీన్స్‌లో 1565 నుంచి స్పెయిన్ పాతుకుపోయింది. మిండనావో దీవిలో లనావో సరస్సు దగ్గరుండే మరనావో ముస్లింలు మాత్రం తమ దరంగెన్ గాథను పాడుతూనే వచ్చారు. 17 భాగాలు, 72 వేల పాదాలు. అది వాళ్లు ఇస్లాంలోకి రాకముందు నాటిది. ముస్లింలయ్యాక కూడా దాన్ని వదలలేదు, పెళ్లిళ్లలో రాత్రుల తరబడి పాడుకున్నారు. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ మౌఖిక వారసత్వంగా ప్రకటించింది.

మా పాట మీద మాత్రం రెండు వైపుల నుంచీ ఒత్తిడే. పీరును ఎత్తేవాడు ముస్లిమే కాడని కొందరు మా బిడ్డలకు చెబుతున్నారు. కుళ్లాయిస్వామి తమ దేవుడే, సాయిబులు ఉత్త పూజారులని ఇంకొందరు రాసుకుంటున్నారు. పాట కట్టినవాడిని ఇద్దరూ ఇంటి బయటే నిలబెడుతున్నారు. జానపద గేయాలు సేకరించిన పండితులకు మేము రుణపడి ఉన్నాం. అయితే "జానపదం" అన్న పెద్ద బుట్టలో పడ్డాక పాడినవాడి పేరు, కులం, మతం కనబడకుండా పోయాయి. కవి అఫ్సర్ గూగూడు మీద 2013లో పెద్ద పుస్తకమే తెచ్చారు, అదీ ఇంగ్లీషులో!

నోటి పాటకు తేదీ ఉండదు. పాడినప్పుడల్లా కొంత మారుతుంది. అందుకే అందుకునే గొంతులు కావాలి. పాట ఎత్తుకునే ముసలాయన ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. అందుకోవాల్సిన కొడుకులు బెంగుళూరులో సిమెంటు మోస్తున్నారు. వచ్చే మొహర్రానికి వాళ్లు బస్సెక్కుతారో లేదో మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సును బట్టి ఉంటుంది.