యంత్రముల కూడలి: ఐరోపాలో వస్తువులు మాటలాడనేర్చిన విధము

ఇంటర్నెట్టుకు జతపరచిన వస్తువులకు ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అను పేరును బ్రిటిషువాడైన కెవిన్ ఆష్టన్ 1999లోను, కంప్యూటరుతో నడచు భౌతిక యంత్రవ్యవస్థలకు సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ అను పేరును అమెరికాలో హెలెన్ గిల్ 2006లోను వాడుకలోనికి తెచ్చిరి. కాని అంతకు చాలకాలము ముందే ఐరోపాలోని కార్ల కర్మాగారములలోను, విమాన నిర్మాణశాలలలోను కంప్యూటరును యంత్రముతో జతపరచు కృషి సాగుచుండెను.

జర్మనీయందలి బాష్ సంస్థ 1983లో ఆరంభించిన క్యాన్ బస్ ఆ కృషికి ఉత్తమోదాహరణము. కారులోని ప్రతి మీటకు, ప్రతి దీపమునకు, ప్రతి సెన్సారునకు వేరువేరు తీగలు లాగుచుండిన ఆ దినములలో, పరికరములు పెరిగినకొలది తీగలకట్ట బరువును ఖర్చును పెరిగిపోవుచుండగా, బాష్ ఇంజనీర్లు రెండే తీగలపై భాగములన్నియు సందేశములు పంపుకొను పద్ధతిని కల్పించి, 1986లో డెట్రాయిట్‌లో జరిగిన ఒక సభయందు వెల్లడించిరి. అందలి సొగసంతయు ప్రాధాన్యనియమమునందున్నది: రెండు భాగము లొక్కమారే పలుకనారంభించినచో, తక్కువ సంఖ్య గల సందేశము చెక్కుచెదరక సాగిపోవును, రెండవది తానుగా ఆగి, తీగ ఖాళీయైన పిదప మరల యత్నించును. పెద్దలు పలుకుచుండ పిన్నలు మిన్నకుండు ఉమ్మడికుటుంబపు మర్యాద యిది. అయితే ఇంట పరులుండరను నమ్మకమును అందే ఇమిడియున్నది. పలుకుచున్నది ఎవరో నిర్ధారించుకొను ఏర్పాటు ఆ నియమమున లేదు.

వియన్నాలో కంప్యూటరు శాస్త్రజ్ఞుడు హెర్మాన్ కోపెట్జ్ వేరుత్రోవ త్రొక్కి, ప్రతి భాగమును ముందే నిర్ణయింపబడిన క్షణముననే పలుకవలెనని, పెత్తనమును కాలమునకే అప్పగించెను. ఫ్రాన్సులో పుట్టిన ఎస్టెరెల్, లస్టర్ అను ప్రోగ్రాము భాషలును ఈ కాలనిష్ఠకు చెందినవే. లస్టర్ నుండి వెలసిన స్కేడ్ అను సాధనము ఎయిర్‌బస్ విమానముల నియంత్రణ ప్రోగ్రాముల రచనకు ఉపకరించినది. 1987లో తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఏ320లో పైలట్ చేతికిని రెక్కలకును నడుమ కంప్యూటరు నిలిచెను. ఇట్టి జాగ్రత్త వృథా కాదనుటకు 1996 జూన్ 4వ తేదీయే సాక్షి: ఏరియాన్ 4 రాకెట్టు కొరకు వ్రాసిన ప్రోగ్రాము భాగమును ఏరియాన్ 5లో యథాతథముగా వాడగా, 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో ఇముడక, ఆ రాకెట్టు ఎగిరిన నిమిషములోపే భగ్నమయ్యెను.

కేంబ్రిడ్జిలో మాత్రము కథ వినోదముగా నడిచినది. కాఫీ ఉన్నదో లేదో తెలియుటకై పరిశోధకులు 1991లో కాఫీపాత్రకు ఎదురుగా కెమెరా నిలిపిరి. 1993లో ఆ దృశ్యము వెబ్‌కెక్కి జగద్విఖ్యాతమయ్యెను. అటుపిమ్మట ఇటలీలోని ఇవ్రెయాలో ఆర్డ్వీనో అను చిన్న కంప్యూటరు పలక, గ్రెనోబుల్‌లో లోరా రేడియోపద్ధతి పుట్టినవి. 2009లో ఐరోపా కమిషన్ ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ కొరకు ఒక కార్యప్రణాళికను ప్రకటించెను. 2011లో హానోవర్ ప్రదర్శనమున జర్మనులు, కర్మాగార యంత్రములను ఒండొంటితో కూర్చుటకై, ఇండస్ట్రీ 4.0 అను నినాదమెత్తిరి. నినాదములకేమి, అవి ప్రతి ప్రదర్శనమునను పుట్టును.

యంత్రములకు గడపదాటి బయటి లోకముతో సంబంధము కలిసినంతనే, ఇంట పరులుండరను పూర్వపు నమ్మకము లోపముగా పరిణమించెను. 2017లో జర్మనీ నిషేధించిన కేలా అను మాటలాడు బొమ్మతో, చేరువనున్న ఎవరైనను బ్లూటూత్ ద్వారా పాస్‌వర్డు లేకయే జతగూడి, పిల్లల మాటలు వినవచ్చుచుండెను. ఇట్టి దోషములను చక్కదిద్దుటకు వచ్చిన ఐరోపా సమాఖ్య సైబర్ రెజిలియెన్స్ చట్టము 2024 డిసెంబరులో అమలులోనికి వచ్చినను, అందలి ముఖ్యవిధులు 2027 డిసెంబరు 11 నుండి మాత్రమే వర్తించును. మోటారు వాహనములకు వేరు నిబంధనలు కలవు. ఆ తేదీకి ముందే విక్రయింపబడిన యంత్రములు, గణనీయముగా మార్చబడిననే తప్ప, ఆ విధులలో పెక్కింటికి లోబడవు. కర్మాగారపు యంత్రములు దశాబ్దములు నడచునవి కావున, వాని రక్షణభారము ఇంకను చిరకాలము వానిని నడపువారి నెత్తిననే యుండునని నా తలంపు.